టెక్కుబాబు గారి తక్షణ తీర్పులు

ఆ ఫోను ఇంకా ఫ్యాక్టరీ గేటు దాటలేదు. ధర ఎంత పెట్టాలో కంపెనీ వాళ్లే తేల్చుకోలేదు. వెనకవైపు కెమెరాలు ఏ వరసలో ఉండబోతున్నాయో ఊహించి ఎవరో గీసిన బొమ్మ ఒకటి బయటికొచ్చింది, అంతే. టెక్కుబాబు తీర్పు పడిపోయింది: "ఈసారి డిజాస్టర్ బ్రో. వీళ్ల పని ఖతం." సాయంత్రానికి ఇంకో బొమ్మ వచ్చింది. అందులో కెమెరాలు నిలువుగా కాకుండా అడ్డంగా ఉన్నాయి. "గేమ్ ఛేంజర్!" అన్నాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మన పెద్దలు నవ్వుకునేవారు. టెక్కుబాబు పేరు పెట్టడంతో ఆగే రకం కాదు. పుట్టని సోమలింగానికి పదికి ఆరున్నర రేటింగు కూడా ఇచ్చేస్తాడు.

టెక్కుబాబంటే ఒక్క మనిషనుకునేరు. అమీర్‌పేట హాస్టలు మెట్లమీద ఉంటాడు, గచ్చిబౌలి ఆఫీసు క్యాంటీన్లో ఉంటాడు, బెజవాడ టీ బంకు దగ్గర ఉంటాడు, డాలస్‌లో సంక్రాంతి విందుకు పులిహోర గిన్నె పట్టుకుని కూడా వచ్చేస్తాడు. పొద్దున ప్రాసెసర్ల మీద, మధ్యాహ్నం ఓటీటీల మీద, సాయంత్రం టీజర్లో గ్రాఫిక్స్ మీద, అర్ధరాత్రి దాటాక మానవజాతి భవిష్యత్తు మీద మాట్లాడతాడు. "ఏదో నాకు తోచింది చెప్తున్నా" అంటూనే మొదలెడతాడు పాపం. ఆ మాట పూర్తయ్యేసరికి ధర్మాసనం ఎక్కి కూర్చునుంటాడు. అక్కడ వాదనలుండవు, వాయిదాలుండవు, అప్పీలు అసలే ఉండదు.

మనిషన్నాక అభిప్రాయాలుంటాయి, కాదనను. తోచింది చెప్పుకోవడానికి లైసెన్సు తెచ్చుకోమనీ అనను. నా గొడవల్లా ఒకటే. ఈయన కోర్టులో ఇన్నేళ్లుగా ఇన్ని తీర్పులొచ్చాయి గదా, డబ్బు పెట్టి కొన్నవాడు గెలిచిన కేసు ఒక్కటి చూపించండి. జడ్జి గౌను వేసుకున్నాడే గానీ, లోపలి చొక్కా మీద ఎప్పుడూ ఏదో ఒక కంపెనీ బొమ్మే ఉంటుంది.

పాత కేసుతో మొదలెడదాం. 2016 సెప్టెంబరులో ఆపిల్ తన ఐఫోన్ 7లోంచి ఇయర్‌ఫోన్ పెట్టుకునే కన్నం తీసేసింది. ఎందుకయ్యా అంటే, వేదికమీద కంపెనీ పెద్దమనిషి ఒకాయన అది ధైర్యం అని సెలవిచ్చాడు. కన్నం పూడ్చడానికి కూడా గుండెలు కావాలని ఆ రోజే తెలిసింది. అదే వేదికమీద, అదే పూట, వైరు లేని కొత్త ఇయర్‌బడ్లను 159 డాలర్లకు అమ్మకానికి ప్రకటించారు. ధైర్యానికి ఆ మాత్రం గిట్టుబాటు ఉండాలి మరి. టెక్కుబాబు చప్పట్లు కొట్టి, "వైర్ల కాలం పోయింది, ఫ్యూచర్ అంటే ఇదీ" అన్నాడు. ఎదుటి గూటి టెక్కుబాబు శాంసంగ్ వీరాభిమాని. 2017లో శాంసంగ్ వేసిన ప్రకటన చూసి ఆయన పడీ పడీ నవ్వాడు. ఐఫోను వాడు తోకలాంటి అడాప్టరు తగిలించుకుని తిప్పలు పడటమే అందులో జోకు. 2019 ఆగస్టులో అదే శాంసంగ్ గెలాక్సీ నోట్ 10లో అదే కన్నాన్ని పూడ్చింది. పాత ప్రకటన కంపెనీ ఛానల్లోంచి చడీచప్పుడు లేకుండా మాయమైంది. మన రెండో బాబు సిగ్గుపడ్డాడేమో అనుకుంటున్నారా? మర్నాడే టీ బంకు దగ్గర, "లోపల బ్యాటరీకి చోటు మిగులుతుంది బ్రో" అని పాఠం చెబుతూ కనపడ్డాడు.

ఇంకా ఉంది. 2020 అక్టోబరులో వచ్చిన ఐఫోన్ 12 డబ్బాలో చార్జరు లేదు. పర్యావరణం కోసమట. మా డబ్బాలో చార్జరుంది చూసుకోండి అని శాంసంగ్ మళ్లీ వెక్కిరించింది. మూడు నెలలు తిరిగేసరికి, 2021 జనవరిలో, గెలాక్సీ ఎస్21 డబ్బా తెరిస్తే అందులోనూ చార్జరు లేదు. వెక్కిరింత పోస్టు కూడా లేదు. అప్పుడు చూడాలి, అప్పటిదాకా కత్తులు నూరుకున్న ఇద్దరు టెక్కుబాబులూ కౌగిలించుకుని భూతాపం మీద ఒకటే ఉపన్యాసం. "ఇంట్లో పాత చార్జర్లు పది పడున్నాయి కదండీ!" ఉన్నాయి నాయనా. ఆపిల్ డబ్బాలో ఇచ్చిన కేబులు కొసన టైప్-సి ఉంది, పాత ఆపిల్ చార్జర్లలో ఎక్కువవాటికి అది దూరదు. అటకమీద పది చార్జర్లున్నా బజారుకెళ్లి పదకొండోది కొనాల్సిందే. ఈ చిన్న సంగతి అడిగిన వాళ్లు లేకపోలేదు. చార్జరు లేకుండా ఐఫోన్లు అమ్మకూడదని 2022లో బ్రెజిల్ ప్రభుత్వం ఆపిల్‌ను ఆపి జరిమానా వేసింది. అన్ని ఫోన్లకూ ఒకే రకం చార్జింగు కన్నం ఉండాలని యూరోపియన్ యూనియన్ చట్టం చేసి, 2024 డిసెంబరు చివరిదాకా గడువిచ్చింది. ఆ చట్టానికి తలవంచి 2023లో ఐఫోన్ 15కి టైప్-సి పెట్టారు. టెక్కుబాబు ఏమన్నాడో తెలుసా? "చూశారా, ఎట్టకేలకు ఆపిల్ మన మాట విన్నది." చట్టం చేసింది బ్రస్సెల్స్‌లో, హారతి మాత్రం ఆపిల్ ఊరు కుపర్టినోకి.

కటౌట్లకు పాలాభిషేకం చేసిన జాతి మనది, అభిమానం మనకు కొత్త కాదు. రాత్రి పదిన్నరకు మొదలయ్యే ఆపిల్ వేడుక టెక్కుబాబుకు బెనిఫిట్ షో. లీకు అంటే టీజరు, అన్‌బాక్సింగ్ అంటే మార్నింగ్ షో, అమ్మకాల లెక్కలంటే మొదటి వారం వసూళ్లు. కంపెనీ లాభం పెరిగితే తన జీతం పెరిగినట్టు కాలరెగరేస్తాడు. కానీ సినిమా అభిమాని వీడికంటే తెలివైనవాడు. టికెట్టు కొంటాడు, ఈల వేస్తాడు, మూడు గంటల్లో బయటపడతాడు. టెక్కుబాబు అభిమానానికి ఇరవైనాలుగు నెలల వాయిదాలుంటాయి. పైగా, అభిమాని బండి టైర్లో గాలి తీసిన హీరో మన దగ్గర ఎవడూ లేడు. బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగాన్ని అప్‌డేట్లతో తామే తగ్గించామని ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుంది. అమెరికాలో ఆ దావా తెంచుకోవడానికి 50 కోట్ల డాలర్ల దాకా కట్టడానికి 2020లో సిద్ధపడింది. డబ్బు కట్టి కంపెనీ కేసు వదిలించుకుంది గానీ, టెక్కుబాబు ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాడు: "అదంతా మన బ్యాటరీ మంచికే!" కందకు లేని దురద కత్తిపీటకెందుకో ఆయన్నే అడగాలి.

కెమెరాల దగ్గరకొస్తే బాబుకు పూనకమే. "రెండొందల మెగాపిక్సెల్!" అంటాడు, ఆ అంకె తానే కనిపెట్టినట్టు. ఆ ఫోను మామూలుగా తీసే ప్రతి ఫొటోలోనూ పదహారు చుక్కల్ని కలిపి ఒక చుక్క చేసి, చివరికి పన్నెండున్నర మెగాపిక్సెళ్ల బొమ్మే చేతికిస్తుంది. చీకట్లో కూడా బొమ్మ తేటగా రావడానికి అలా చేస్తారు, పద్ధతి మంచిదే. ఆ పన్నెండున్నరనూ ఈయన వాట్సాప్‌లో పడేస్తే, అది ఇంకా పిండి పిప్పిచేసి పంపుతుంది. ఊళ్లో ఉన్న మేనత్త గీతలు పడిన అద్దంలోంచి దాన్ని చూసి, "ఫొటో బావుందిరా, నువ్వే చిక్కిపోయావు" అంటుంది. రెండొందల మెగాపిక్సెళ్ల ప్రయాణం అక్కడితో సమాప్తం.

చంద్రుడి కథ మరీ ముచ్చటైంది. శాంసంగ్ పెద్ద ఫోన్లలో వందరెట్లు దగ్గరికి లాగే జూమ్ వచ్చాక టెక్కుబాబు ప్రతి పున్నమికీ మేడమీదకెక్కి జాబిల్లిని లాగి చూపించేవాడు. మచ్చలు, గుంటలు, అన్నీ స్పష్టం. 2023 మార్చిలో ఒకాయన ఓ పరీక్ష పెట్టాడు. చంద్రుడి ఫొటోను 170 చుక్కలకు 170 చుక్కలుగా కుదించి, పనిగట్టుకుని మసకబార్చి, కంప్యూటరు తెరమీద పెట్టి, గదిలో దీపాలార్పి, దూరం నుంచి ఆ ఫోనుతో ఫొటో తీశాడు. తెరమీద లేని గుంటలు ఫోనులో వచ్చాయి! చంద్రుణ్ణి గుర్తుపట్టి కృత్రిమ మేధతో మెరుగులు దిద్దుతున్నామని కంపెనీ కూడా వివరణ ఇచ్చుకుంది. అంటే మేడమీద చలికి వణుకుతూ బాబు తీసిన చంద్రుడిలో కొంత ఆకాశంలోది, కొంత ఫోనులోది. ఈ సంగతి చెప్పి చూడండి. "అయితే ఏంటి బ్రో, రిజల్ట్ బావుంది కదా" అంటాడు. పక్క కంపెనీ ఇదే పని చేసుంటే మాత్రం జాతీయ కుంభకోణం అయ్యుండేది.

ఇక టెక్కుబాబు గారి హాలు. గోడకు 65 అంగుళాల టీవీ. కొని ఏడాదైనా అంచున ఉన్న షోరూము స్టిక్కరు పీకలేదు. ఫోర్‌కే, హెచ్‌డీఆర్, డాల్బీ విజన్, డాల్బీ అట్మాస్ అని నాలుగు ముద్రలు వచ్చిన చుట్టాలకు కనపడొద్దూ! తెరమీద 83 లక్షల చుక్కలున్నాయి. కట్టే నెట్‌ఫ్లిక్స్ చందా మాత్రం 2021 డిసెంబరులో తగ్గించిన ధర ప్రకారం నెలకు 199 రూపాయల బేసిక్ ప్లాను. అందులో వచ్చే బొమ్మకు చుక్కలు 9 లక్షల పైచిలుకు. తొమ్మిదింట ఒక వంతు బొమ్మకు తొమ్మిదింతల గోడ. ఫోర్‌కే కావాలంటే 649 కట్టాలి. "వాళ్లు దోచుకుంటున్నారు" అంటాడు అక్కడ మాత్రం. ఆ డబ్బు మిగిల్చి శుక్రవారం రిలీజైన సినిమాను శనివారం థియేటరు ప్రింటులో చూస్తాడు. తెరకు అడ్డంగా ఎవరో లేచి పాప్‌కార్న్‌కు వెళుతుంటారు. ముందు వరసలోంచి ఈలలు నాలుగు వైపులా వినపడుతుంటే, "అట్మాస్ ఎఫెక్ట్ అదిరింది" అని మురుస్తాడు. 2025 నవంబరులో పైరసీ సైటు ఐబొమ్మ నడిపిన మనిషిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేసినప్పుడు ఈ హాల్లో రెండు రోజులు సంతాప దినాలు. వందల మంది చెమటోడ్చి తీసిన సినిమా పోయినందుకు కాదండోయ్, అది ఊరికే దొరికే దారి పోయినందుకు.

అదే హాల్లో ఇంకో అన్యాయం నిత్యం జరుగుతోంది. సినిమాను సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. కొత్త టీవీలు ఆ ఫ్రేముల మధ్య తమకు తోచిన ఫ్రేములు కల్పించి ఇరికిస్తాయి. క్రికెట్టుకు అది పనికొస్తుంది. సినిమాకు మాత్రం కొంపముంచుతుంది. కోట్లు పోసి వేసిన సెట్టు స్టూడియోలో సాయంత్రం సీరియల్‌కి వేసిన అట్టగోడలా కనపడుతుంది. ఈ గోల పడలేక 2018 డిసెంబరులో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ కలిసి, దయచేసి టీవీలో ఆ సెట్టింగు ఆపేయండని ఒక వీడియోలో మొరపెట్టుకున్నారు. టీవీ కొన్ననాడు అది ఎలా ఉందో మన హాల్లో ఈనాటికీ అలాగే ఉంది. టెక్కుబాబు సోఫాలో వెనక్కి వాలి తీర్పు చెబుతాడు: "సినిమాటోగ్రఫీ సీరియల్లా ఉంది. కెమెరామన్‌ని మార్చాల్సింది." నేరం టీవీది, శిక్ష కెమెరామన్‌కి.

ఆ ఇంట్లో అసలైన సమీక్షకురాలు వంటింట్లో ఉంటుంది. "ఒరేయ్ నాన్నా, ఈ రిమోట్లో కంపెనీల బొత్తాలు నాలుగున్నాయి, ఛానల్ నంబరు నొక్కేవి ఒక్కటీ లేవేంరా? నా సీరియల్ పెట్టుకోవాలంటే నీకోసం ఆఫీసుకి ఫోను చెయ్యాలా?" అని వాళ్లమ్మ అడిగింది. పన్నెండు నిమిషాల అన్‌బాక్సింగ్ వీడియోలో కూడా ఈ ప్రశ్న ఎవరూ వేయరు. రిమోట్ మీద ఆ నాలుగు జాగాలు ఆయా కంపెనీలు డబ్బిచ్చి కొనుక్కున్నవి. ఆవిడ జాగా కొనుక్కోలేదు. కొడుకు జవాబు: "వాయిస్ కమాండ్ ఉంది కదమ్మా, ట్రెండ్ తెలుసుకో." ఆవిడ సీరియల్ పేరు మూడుసార్లు చెప్పింది. టీవీ మూడుసార్లూ వంటల వీడియో పెట్టింది.

టెక్కుబాబుకు జోస్యం కూడా వచ్చు. 2009 చివర్లో అవతార్ వచ్చాక ఇంటింటా త్రీడీ టీవీ అన్నాడు. 2017 నాటికి ఎల్జీ, సోనీ కూడా వాటి తయారీ మానుకున్నాయి. ట్విట్టర్ స్థాపకుల్లో ఒకరి తొలి ట్వీటును 2021 మార్చిలో ఒకాయన ఎన్ఎఫ్‌టీగా 29 లక్షల డాలర్లకు కొంటే, "మీకు అర్థం కాదులే అంకుల్" అన్నాడు. కొన్నాయన మరుసటేడు దాన్ని 4 కోట్ల 80 లక్షల డాలర్లకు అమ్మకానికి పెట్టాడు. వేలం గడువు ముగిసేసరికి పైపాట 280 డాలర్లు. అంకుల్‌కి అప్పుడు అర్థమైంది. ఫేస్‌బుక్ 2021 అక్టోబరులో పేరు మార్చుకుని మెటా అయినప్పుడైతే ఆఫీసులు, పెళ్లిళ్లు, సినిమా హాళ్లు అన్నీ ఇక మెటావర్స్‌లోనే అని తేల్చేశాడు. అప్పట్లో అక్కడ మనుషుల బొమ్మలకు నడుం కిందికి ఏమీ ఉండేది కాదు, గాల్లో తేలుతుండేవి. 2022 అక్టోబరులో కాళ్లొస్తున్నాయని జుకర్‌బర్గ్ బొమ్మ వేదికమీద గెంతి మరీ చూపించింది. అదీ మామూలుగా కదిలించింది కాదనీ, ముందే విడిగా మోషన్ క్యాప్చర్‌తో తయారుచేసిందనీ తర్వాత కంపెనీయే చెప్పింది. కంపెనీలో ఈ పని చూసే విభాగం 2020 నుంచి 2024 దాకా పోగొట్టుకున్నది 6,000 కోట్ల డాలర్లకు పైమాటే. కాళ్లు ఇంత ఖరీదని దేవుడికైనా తెలుసో లేదో.

మనకు బాగా దగ్గరి జోస్యం ఒకటుంది. 2017 సెప్టెంబరులో విజయవాడకూ అమరావతికీ మధ్య హైపర్‌లూప్ వేస్తామని అమెరికా కంపెనీ హైపర్‌లూప్ ట్రాన్స్‌పోర్టేషన్ టెక్నాలజీస్‌తో ఆంధ్రప్రదేశ్ ఆర్థికాభివృద్ధి మండలి ఒప్పందం రాసుకుంది. గాలి తీసేసిన గొట్టంలో మనిషిని కూర్చోబెట్టి తోస్తే, గంట దాటే ప్రయాణం ఐదారు నిమిషాల్లో ముగుస్తుందన్నారు. టెక్కుబాబు ఆ వారమంతా నేలమీద నడవలేదు. స్టేషను ఎక్కడొస్తుందో, టికెట్టు ఎంత ఉంటుందో, కిటికీ లేని గొట్టంలో వాంతులు రాకుండా ఏం చేస్తారో, అన్నీ ఆయనకే తెలుసు. ప్రపంచంలో ఎక్కడైనా జనాన్ని ఎక్కించుకుని రోజువారీ తిరుగుతున్న హైపర్‌లూప్ ఒక్కటైనా ఉందా అని అడిగిన ముసలాయన్ని "నెగెటివ్ మైండ్‌సెట్" అని చప్పరించేశాడు. గొట్టం రాలేదు. ఆ ముసలాయన ఇప్పటికీ ఆర్టీసీ బస్సులోనే తిరుగుతున్నాడు. టెక్కుబాబు దగ్గర పాత జోస్యాల ఖాతా పుస్తకం ఉండదు. ఎగిరితే "నేనప్పుడే చెప్పా", కూలితే "అది టైముకు ముందు వచ్చింది బ్రో."

టీజర్ల సంగతి. 2022 అక్టోబరులో ఆదిపురుష్ టీజరు వచ్చినప్పుడు గ్రాఫిక్స్ బాగాలేవని జనం అన్నారు. అందులో న్యాయముంది. 2023 సంక్రాంతికి రావాల్సిన సినిమా జూన్‌కు వెళ్లింది. దాంతో టెక్కుబాబుకు లోకంలోని టీజర్లన్నిటికీ పరీక్షాధికారి ఉద్యోగం వచ్చేసిందనిపించింది. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి, ఆరంగుళాల ఫోనులో, నెట్టు సరిగ్గా రాక మసకబారిన ఫ్రేముని ఆపి, రెండు వేళ్లతో లాగి, "ఇక్కడ చూడు, పులి తోక రెండరింగ్ తేడా" అంటాడు. పులి మాటొచ్చింది కాబట్టి చెబుతాను. లైఫ్ ఆఫ్ పై సినిమాలో ఆ పులిని ప్రాణమున్నట్టు చేసింది రిథమ్ అండ్ హ్యూస్ అనే సంస్థ. హైదరాబాద్‌లో కూడా దానికి శాఖ ఉండేది. ఆ సినిమా పనిలో ఇక్కడి చేతులూ ఉన్నాయి. 2013 ఫిబ్రవరిలో ఆ పనికి ఆస్కార్ వచ్చింది. బహుమతి చేతికందడానికి సరిగ్గా పదకొండు రోజుల ముందు సంస్థ దివాలా పిటిషన్ వేసింది. వేదికమీద ఆ సంగతి చెప్పబోయిన గ్రాఫిక్స్ సూపర్‌వైజర్ మాటల్ని సంగీతంతో ముంచి, మైకు కట్టేశారు. నిర్మాణ సంస్థలు పనిని ఒకే మొత్తానికి ఒప్పందం చేసుకుని, మార్పుల మీద మార్పులు అడుగుతూ పోతాయి, అదనపు రాత్రుల కూలి స్టూడియో నెత్తిన పడుతుంది. టీజరులో తోక ఎందుకు తేడాగా ఉందో ఆ లెక్కల్లో ఉంటుంది. ఈగ సినిమా గ్రాఫిక్స్‌కు జాతీయ అవార్డు తెచ్చిన మకుట సంస్థ మన హైదరాబాద్‌లోనిదే. టెక్కుబాబును ఆ పేరు అడగండి, తెలియదు. టైటిల్స్ పడుతుండగానే లేచి పార్కింగ్‌లో బండి తీస్తుంటాడు.

ఇప్పుడు అసలు కేసు. ప్రేమంటే పాస్‌వర్డ్ పంచుకోవడమే అన్న అర్థంలో 2017లో నెట్‌ఫ్లిక్స్ ముద్దుముద్దుగా ట్వీట్ చేసింది. 2023 జులైలో మన దేశంలో కూడా ఆ ప్రేమకు గేటు వేసింది. పక్కింట్లో ఉండేవాడు కుటుంబసభ్యుడు కాదట. ఏడాది చందా ముందే కట్టిన ప్రైమ్ వీడియో వాళ్లకు 2025 జూన్ 17 నుంచి సినిమా మధ్యలో ప్రకటనలు మొదలయ్యాయి. అవి లేకుండా చూడాలంటే ఏడాదికి ఇంకో 699 కట్టాలి. 2023లో ఐపీఎల్ ఊరికే చూపించిన జియోసినిమా, 2025 ఫిబ్రవరిలో హాట్‌స్టార్‌తో కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాక చందా పట్టీ బయటికి తీసింది. అమెరికాలో ఒక సంస్థ 2020లో హెచ్‌బీఓ మ్యాక్స్ అని పేరు పెట్టి, 2023లో హెచ్‌బీఓ తీసేసి మ్యాక్స్ అని, 2025లో మళ్లీ హెచ్‌బీఓ మ్యాక్స్ అని బోర్డు తిప్పింది. టెక్కుబాబు రెండు మార్పుల్నీ మాస్టర్‌స్ట్రోక్ అనే తేల్చాడు. ఆ 699 గురించి అడిగితే మాత్రం నిట్టూర్చి, "కంటెంట్ ఖర్చులు పెరిగాయండీ, వాళ్లు మాత్రం ఏం చేస్తారు" అంటాడు. వాళ్ల ఖర్చులమీద ఇంత బెంగ పెట్టుకున్నవాడు ఇంటి కరెంటు బిల్లు ఎంతొచ్చిందో ఎప్పుడూ చూడడు.

పోనీ, చందా కాదు, పూర్తి డబ్బిచ్చి కొన్నాం అనుకుందాం. 2009 జులైలో అమెజాన్ తన కిండిల్ కొన్నవాళ్ల పరికరాల్లోంచి ఒక పుస్తకాన్ని వాళ్లకు చెప్పకుండానే చెరిపేసింది. హక్కులు లేనివాడు అమ్మాడని కారణం చెప్పి డబ్బు వెనక్కిచ్చింది. ఆ పుస్తకం జార్జ్ ఆర్వెల్ రాసిన 1984. ఇలాంటి చమత్కారం నాలాంటి వాడు రాస్తే అతి అంటారు, అమెజాన్ నిజంగానే చేసింది. అక్కడ మనం కొనేది పుస్తకమూ కాదు, సినిమా కూడా కాదు. వాళ్లు ఉంచినంతకాలం చూసుకునే అనుమతి. ఆ ముక్క కొనేవాడికి స్పష్టంగా చెప్పి తీరాలని కాలిఫోర్నియాలో చట్టమే చేశారు, 2025 నుంచి అమల్లోకి వచ్చింది. అటకమీదున్న మాయాబజార్ క్యాసెట్టును రాత్రికి రాత్రి వచ్చి ఎవరూ ఎత్తుకుపోలేదు. కొన్నవాడి సంగతి అలా ఉంచండి, తీసినవాడికీ దిక్కు లేదు. 2013లో వచ్చిన రాంఝనా తమిళ రూపానికి 2025 ఆగస్టులో కృత్రిమ మేధతో ముగింపు మార్చి, చనిపోయిన కథానాయకుణ్ణి బతికించి మళ్లీ విడుదల చేశారు. దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్ మొత్తుకున్నాడు, ధనుష్ అభ్యంతరం చెప్పాడు. హక్కులున్న సంస్థ వినలేదు. టెక్కుబాబు స్పందన ఒక్క ముక్కలో: "క్రేజీ! దేవదాసు కూడా బతికించొచ్చు బ్రో."

కృత్రిమ మేధ వచ్చాక ఈయనకు ప్రమోషను కూడా వచ్చింది. ఇదివరకు ఫోన్ల మీద చెప్పే తీర్పులు ఇప్పుడు మనుషుల మీద చెబుతున్నాడు. రచయితలు అక్కర్లేదట, చిత్రకారులు అక్కర్లేదట, డబ్బింగ్ వాళ్లసలే వద్దట. తన ఉద్యోగం మాత్రం "క్రియేటివ్ రోల్" కాబట్టి ఢోకా లేదట. 2023లో హాలీవుడ్ రచయితలు 148 రోజులు సమ్మె చేస్తే, "పనైపోయినవాళ్ల ఏడుపు" అన్నాడు. యంత్రాన్ని రచయితగా లెక్కగట్టకూడదన్న షరతు ఒప్పందంలోకి ఎక్కించుకుని మరీ వాళ్లు పనిలోకి దిగారు. ఆ వార్త ఈయన దాకా రాలేదు. 2025 మార్చిలో తన పెళ్లి ఫొటోను జిబ్లీ బొమ్మగా మార్చుకుని, "ఆర్ట్ అందరి చేతికీ వచ్చేసింది" అని ప్రకటించాడు. ఆ గీతను దశాబ్దాలపాటు చేత్తో సాధించిన జపాన్ స్టూడియో వాళ్లను ఎవరైనా అడిగారా అంటే, ఆయన అప్పటికే తన కుక్కపిల్లను కూడా జిబ్లీ చేసే పనిలో ఉన్నాడు.

వీటిలో దేనికైనా నవ్వి ఊరుకోవచ్చు గానీ, 2023 నవంబరు నాటి మాటకు నాకు నవ్వు రాలేదు. వేరే అమ్మాయి వీడియోకు నటి రష్మిక ముఖం అతికించి వదిలారు. ఆ కేసులో రెండు నెలల తర్వాత ఢిల్లీ పోలీసులు గుంటూరు నుంచి ఒక కుర్రాణ్ణి పట్టుకెళ్లారు. ఆ వీడియో చూసి టెక్కుబాబు మొట్టమొదట అన్నమాట: "కానీ క్వాలిటీ చూశావా, ఎక్కడా దొరకట్లేదు." ఒక ఆడమనిషి పరువు బజారున పడితే దాంట్లో కూడా రెండరింగ్ చూసినవాణ్ణి టెక్నాలజీ ప్రేమికుడని పిలవలేను. అంగట్లో బొమ్మలు చూసి నోరు తెరిచే పసివాడికైనా పక్కన ఏడుస్తున్న మనిషి కనపడుతుంది.

అయ్యా టెక్కుబాబు గారూ, మీమీద నా తీర్పు కూడా వినేయండి, మీ పద్ధతిలోనే అప్పీలు లేకుండా. మీరు టెక్నాలజీ గురించి మాట్లాడటం లేదు, కంపెనీల ప్రకటనలు చదువుతున్నారు. అదే పని చేసే సినిమా తారలకు కోట్లిస్తారు. మీరు మాత్రం వాయిదాలు కట్టి మరీ చేస్తున్నారు.

పాఠకులకో విన్నపం. ఈసారి మీ ఇంట్లోనో ఆఫీసులోనో ఆయన ధర్మాసనం ఎక్కగానే మూడే మూడు అడగండి: నీ దగ్గరుందా? బిల్లు ఎవరు కట్టారు? రేపు వాళ్లు తీసేస్తే నీకేం మిగులుతుంది? ఆయన జవాబు వెతుక్కునేలోగా మీరు టీవీ రిమోట్ తీసుకుని పిక్చర్ సెట్టింగుల్లోకి వెళ్లండి. ఎల్జీ అయితే ట్రూమోషన్, సోనీ అయితే మోషన్‌ఫ్లో, శాంసంగ్ అయితే ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ అని ఉంటుంది. దాన్ని ఆఫ్ చేయండి. సినిమా సినిమాలా కనపడుతుంది, దానికి చందా కూడా అక్కర్లేదు.